జోలపాటకు మదింపు

ముప్పై ఏళ్లుగా నా వృత్తి పరాయివాళ్ల ఆదాయాన్ని తక్కువ చేసి చూపించడం. చట్టానికి లోబడే లెండి. బెంగళూరు మారతహళ్లిలో, ఔటర్ రింగ్ రోడ్డుకు రెండు వీధుల వెనక, ఒక షట్టరు గదిలో కూర్చుని ఐటీ ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలకు రిటర్నులు వేసిపెడుతుంటాను. సంగీతం గురించి రాయడానికి ఈయనెవరని మీకు అనిపించవచ్చు. మా మేనల్లుడి ఫోనులో ఉన్నది సంగీత పరికరం కాదు, ఆదాయపన్ను శాఖ అని మొదట కనిపెట్టింది నేనే. ఆ హక్కుతో రాస్తున్నాను.

మావాడు ఉద్యోగం కోసం హిందూపురం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. పగలు టెస్టింగు, రాత్రి ప్రొడక్షను. ప్రొడక్షను అంటే మంచమ్మీద బోర్లా పడుకుని, ఐఫోనులో గ్యారేజ్‌బ్యాండ్ తెరిచి, రెండు బొటనవేళ్లతో పాటలు కట్టడం. ఒక రాత్రి గుమ్మంలో నిలబడి "మామా, కంప్రెసర్ కొన్నా" అన్నాడు. "మన ఫ్రిజ్జు బాగానే ఉంది కదరా" అన్నాను. ఈ మాట ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అది పాటలో గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే ప్లగిన్ అట, అంటే పెద్ద యాప్‌కు తగిలించుకునే చిన్న యాప్. ఒకప్పుడు స్టూడియో కంప్యూటర్లలోనే ఉండే సరుకు. 2015లో యాపిల్ వాళ్లు ఐఓఎస్ 9తోపాటు ఏయూవీ3 అనే దారి తీశాక, ఇలాంటివి ఫోనులో పాటలు కట్టే యాప్ లోపలే తెరుచుకుంటున్నాయి. రెండు ఆంధ్రా మీల్స్ ఖరీదుకు వాడికి దొరికింది.

దాన్ని వాడు వివరిస్తుంటే నాకు ఒక్కొక్క మాటా మా ఆఫీసు ఫైల్లోంచి వచ్చినట్టే వినిపించింది. మొదట థ్రెషోల్డ్. అంటే ఈ మట్టం దాకా నీ జోలికి రాము, దాటావో లెక్క చెప్పాలి. పన్ను లేని పరిమితి కాక ఇంకేమిటది? తర్వాత రేషియో. నాలుగుకు ఒకటి అని పెడితే, పరిమితి దాటిన ప్రతి నాలుగు డెసిబెల్స్‌లో ఒకటి మాత్రమే నీకు మిగులుతుంది. అంటే అదనపు ఆదాయం మీద 75 శాతం శ్లాబు. మన దేశంలో 1973-74లో పై శ్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం ఉండేది. కాగితమ్మీద గుణించి చూశాను, రేషియో నలభై నాలుగుకు ఒకటి అయింది. పదికి ఒకటి దాటితే దాన్ని లిమిటర్ అంటారట. మా నాన్న తరం వ్యాపారులు దాన్ని వేరే మాటతో పిలిచేవాళ్లు, ఇక్కడ రాయకూడదు.

తర్వాత 'నీ' (knee), ఇంగ్లీషులో మోకాలు. పరిమితి దగ్గర దెబ్బ ఒక్కసారిగా పడాలా, మెల్లగా వంగాలా అని తేల్చేది అది. ఇది కూడా మాకు తెలిసిందే. 2025-26 కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు. 12 లక్షల 10 వేలు చూపించినవాడికి శ్లాబుల ప్రకారం 61,500 పడాలి. పదివేలు ఎక్కువ సంపాదించిన పాపానికి అరవై వేలా అని వాడు గుండె పట్టుకోకుండా, మార్జినల్ రిలీఫ్ పేరుతో పదివేలే తీసుకుంటారు, సెస్సు వేరే. 'సాఫ్ట్ నీ', మెల్లగా వంగే మోకాలు అంటే అదేనోయ్ అన్నాను. మేనల్లుడు నోరు తెరుచుకుని చూశాడు. వాడికి సంగీతం తెలుసు కానీ పన్నులు తెలియవు, పాపం.

ఎటాక్ అనేది గొంతు పెరిగిన ఎంతసేపటికి నోటీసు వస్తుందో చెబుతుంది. రిలీజ్ అనేది గొంతు తగ్గాక ఎంతసేపటికి వదిలిపెడతారో చెబుతుంది. మావాడు కొన్నది 1967లో అమెరికాలో బిల్ పుట్నమ్ అనే ఆయన తయారుచేసిన 1176 అనే పెట్టెకు నకలు. అసలు పెట్టెలో ఎటాక్‌ను 20 మైక్రోసెకన్ల దాకా తగ్గించవచ్చు. రెప్ప వాల్చి ఎత్తేలోపు కొన్ని వేల నోటీసులు. రిలీజ్ మాత్రం 1.1 సెకన్ల దాకా సాగుతుంది. తీసుకోవడంలో ఆ చురుకు, వదలడంలో ఈ తాపీ చూసినప్పుడే ఈ యంత్రం మీద నాకు వృత్తిపరమైన గౌరవం కలిగింది.

ఇంకా ఉంది. ఆ పెట్టె మీద రేషియోకు నాలుగు మీటలు ఉంటాయి: 4, 8, 12, 20. ఒక్కటే నొక్కాలి. కానీ స్టూడియోల్లో ఎవరో నాలుగూ ఒకేసారి నొక్కేశారు. శబ్దం చితికి, కోపంగా, రాక్ డ్రమ్ములకు మహా బాగుందట. ప్లగిన్ చేసినవాళ్లు ఆ తప్పును కూడా జాగ్రత్తగా నకలు తీశారు. దానికి ఇంకో పేరు బ్రిటిష్ మోడ్. నాలుగు శ్లాబుల శిస్తు ఒకేసారి వసూలు చేసే పద్ధతికి అంతకంటే తగిన పేరు మన కలెక్టరాఫీసు పాత దస్త్రాల్లో కూడా దొరకదు.

ఇక మేకప్ గెయిన్ అని ఒకటుంది. ముందు అందరి దగ్గరా కోసి, చివర్లో మొత్తం పాటను పైకి ఎత్తే సంక్షేమ పథకం. కష్టమంతా ఇందులోనే ఉంది. దానికి ముందు మా అక్క సంగతి చెప్పాలి.

మేనల్లుడి తల్లి, అంటే మా అక్క, హిందూపురం నుంచి వారం రోజులకని వచ్చింది. వీడు ఆమెతో జోలపాట పాడించి పెట్టుకోవాలన్నాడు. రాత్రి రింగ్ రోడ్డు లారీలు ఆగవు కాబట్టి, పొద్దున ఏడింటికి ముందు, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, వాళ్ల అత్తను, అంటే మా ఆవిడను, కుక్కరు పెట్టొద్దని బతిమాలి రికార్డు చేశాడు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాడిన మాట ఒక అర క్షణం ఆగి చెవికి వస్తోందని అక్క చిరాకుపడింది. "నా వెనకాల ఎవరో నన్ను వెక్కిరిస్తాండారు రా" అంది. వాడు వైరు ఇయర్‌ఫోన్లు వెతికి తెచ్చాడు.

ఒక విషయం చెప్పాలి. అక్క చిన్నప్పటి నుంచి భజన మందిరంలో మైకు ముందు పాడినది. పై స్థాయికి వెళ్లేటప్పుడు తల వెనక్కి లాగుతుంది, మెల్లగా పాడేటప్పుడు మైకు దగ్గరికి వంగుతుంది. ఎవరూ నేర్పలేదు. ఆ రోజు కూడా అలాగే చేసింది. పెద్ద పదం రాకముందే ఒక పంక్తి ముందు నుంచే మెడ కదులుతుంది. ఖరీదైన ప్లగిన్లలో లుక్ అహెడ్ అని ఉంటుంది. శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపి పట్టుకుని, ముందు ఏం రాబోతోందో చూసి, ఆ తర్వాత కోత మొదలుపెడతారు. మా అక్కది ఒక పంక్తి లుక్ అహెడ్. మా భాషలో దీన్ని స్వయం మదింపు అంటారు. పౌరుడే తన ఆదాయం తాను లెక్కగట్టి, తగినంత తానే తగ్గించుకోవడం. ఇలాంటివాళ్లను నమ్మితే మా వృత్తి ఏం కావాలి? అందుకే మేనల్లుడు ఆమె రిటర్నును స్క్రూటినీకి తీసుకున్నాడు. నేను పూర్తిగా సమర్థించాను.

స్క్రూటినీ అంత తేలిక కాదు. అసలు యంత్రం 19 అంగుళాల వెడల్పు ఇనప ముఖం. దాన్ని తుప్పు మరకలతో సహా ఆరంగుళాల ఫోనులో ఇరికించారు. తిప్పుడు మీటలు మెంతిగింజలంత. వేలు పెడితే మీట కనపడదు, వేలు తీస్తే మీట కదలదు. పైగా 1176లో ఎటాక్ మీటను కుడికి తిప్పితే సమయం తగ్గుతుంది, మిగతా చాలా కంప్రెసర్లలో పెరుగుతుంది. ఫారాలు తయారుచేసేవాళ్ల హస్తం ఇందులో ఉందని నాకు గట్టి నమ్మకం. మావాడు నిదానం చేద్దామనుకుని ఎడమకు బదులు కుడికి తిప్పాడు. "జో" అనే అక్షరంలో జకారం పోయి ఓకారం మిగిలింది. అక్క అరగంటసేపు "ఓ ఓ" అంటుంటే మేం కళాత్మకం అనుకున్నాం.

ఇప్పుడు లెక్క. ఇక్కడ సున్న అంటే పైకప్పు, గొంతులన్నీ దాని కింద మైనస్‌లోనే ఉంటాయి. థ్రెషోల్డ్ మైనస్ 20 డెసిబెల్స్. అక్క గొంతు ఒకచోట మైనస్ 8కి వెళ్లింది. పరిమితి దాటిన ఆదాయం 12. నాలుగుకు ఒకటి చొప్పున మిగిలింది 3. మైనస్ 17 దగ్గర ఆగింది. వసూలు 9 డెసిబెల్స్. ప్లగిన్ మీద సూది కిందికి వాలినప్పుడల్లా మేనల్లుడి ముఖం వెలిగింది. ట్రెజరీలో జమ చూసినప్పుడు అధికారుల ముఖాలు అలాగే వెలుగుతాయి. ఆ 9ని మేకప్ గెయిన్‌గా తిరిగి పంచారు. అక్క మళ్లీ మైనస్ 8కి వచ్చింది. ఆమెకు లాభం సున్న. కానీ పరిమితికి లోపల, నేలమట్టంలో, మైనస్ 50 దగ్గర బతుకుతున్నవాళ్లందరికీ ఉచితంగా 9 డెసిబెల్స్ దక్కాయి. పక్కింటి నీళ్ల మోటారు, గోడ గడియారం, దుప్పటి వెనక పావురం, అన్నీ లబ్ధిదారులే. ఎవరు అర్హులో చూసే యంత్రాంగం ఆ ప్లగిన్‌లో లేదు. గేట్ అనే ఇంకో ప్లగిన్ ఆ పని చేస్తుందట. దాన్ని విడిగా కొనాలి.

అందరికంటే ఎక్కువ లాభపడినది వీధిలో ఆకుకూరలమ్మే ఆమె. ఏడింటికి ఆమె మా గేటు ముందు "సొప్పూ... మెంత్య సొప్పు, దంటు సొప్పూ" అని అరుస్తుంది. రికార్డింగులో మొదట అది ఉన్నదీ లేనిదీ తెలియలేదు. అక్క ఊపిరి తీసుకున్నప్పుడల్లా కంప్రెసర్ చేయి వదులుతుంది, వదిలినప్పుడల్లా వెనకనున్నది పొంగి ముందుకొస్తుంది. దీన్ని పంపింగ్ అంటారు. కాబట్టి ఇప్పుడు ప్రతి జోలకూ నడుమ లయ తప్పకుండా ఒక సొప్పు వినపడుతోంది.

మావాడు అక్కడితో ఆగుంటే సరిపోయేది. మాస్టర్ మీద, అంటే అన్నీ కలిసిన చివరి పాట మీద, ఒక లిమిటర్ పెట్టి, మొత్తాన్ని మైనస్ 7 లఫ్స్‌కు ఎక్కించాడు. లఫ్స్ అంటే పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. జోలపాటను! "సైలెంటుగా ఉంటే ఎవరూ వినరు మామా, అందరూ గట్టిగానే పెడతాండారు" అన్నాడు. పరీక్షించడానికి బ్లూటూత్ స్పీకర్లో పెట్టాడు. రెండు నిమిషాల్లో కింది వాటా ఇంటాయన పైకొచ్చాడు. "సార్, మగు ఎద్దుబిడ్తు" అన్నాడు. బిడ్డ లేచి కూర్చుందట. జోలపాటతో పసిపిల్లను నిద్రలేపడం ఇంతవరకు ఏ రాగానికీ చేతకాని పని అని నేను ఆయనకు నచ్చజెప్పబోయాను. ఆయన కన్నడంలో ఇంకో మాటన్నాడు.

మరుసటి వారం పాటను స్పాటిఫైలో పెట్టాడు. అక్కడ వాళ్ల మదింపు వాళ్లకుంది. మామూలుగా మైనస్ 14 లఫ్స్ చుట్టూ ఉండేలా శబ్దాన్ని సర్దుతారు. మైనస్ 7 చూపించిన మావాడి పాటను సరిగ్గా ఏడు డెసిబెల్స్ కిందికి దించారు. అంటే ఇన్ని రాత్రులు కూర్చుని పెంచినదాన్ని వాళ్లు ఒక అంకెతో తీసేశారు. సరే, శబ్దం దిగింది, మరి నలిగిపోయిన హెచ్చుతగ్గులు తిరిగొస్తాయా అని అడిగాను. రావన్నాడు. రిఫండ్ లేని పన్ను ఇది. అందులోనూ ఫోను మైకు తన వంతు ముందే సర్ది ఉండవచ్చు, ఆపైన ప్లగిన్, ఆపైన లిమిటర్, ఆపైన స్పాటిఫై, చివర్లో వినేవాడి ఫోను స్పీకరు కాలిపోకుండా కాపాడే ఇంకో కోత. ఒకే గొంతు మీద ఇన్నిసార్లు పన్ను వేయడాన్ని ఆపడానికి దేశాలైతే ఒప్పందాలు చేసుకుంటాయి.

1950ల చివర్లో ఫెయిర్‌చైల్డ్ 670 అనే కంప్రెసర్ వచ్చింది. ఇరవై వాల్వులు, ముప్పై కిలోల బరువు. దాన్ని ఎత్తి బల్లమీద పెట్టేలోపు, ఈ పాటకు ఇది అవసరమా అని ఆలోచించుకునే వ్యవధి మనిషికి ఉండేదేమో. ఎల్ఏ-2ఏ అనే ఇంకో పాత కంప్రెసర్‌కు రెండే మీటలు, లోపల ఒక దీపం, ఆ వెలుగు చూసి మెత్తబడే ఒక రేకు. ఈ పాత కథలు చెప్పుకుంటూ పోతే మావాడు చెవిలో వైరు పెట్టేసుకుంటాడు.

మొన్న అక్క హిందూపురం నుంచి ఫోన్ చేసింది. పాట విందట. ఎట్లా ఉంది అని వీడు భయంభయంగా అడిగాడు.

"బాగుంది నాయనా. నడుమ నడుమ పాడిన ఆమె ఎవురు?"

"ఎవురూ లేరమ్మా."

"ఉండాది. ఆమె గొంతు నా గొంతు కన్నా బాగుంది. ఆమెనే పాడించింటే సరిపోయేది."

మరునాడు పొద్దున ఏడింటికి మావాడు గేటు దగ్గర ఫోను చాచి నిలబడ్డాడు. ఆకుకూరలామె ఆ ఫోనును చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, చెవికి చేయి అడ్డం పెట్టుకుని మరీ అరిచింది. ఆ తర్వాత "ఎష్టు కట్టు బేకు?" అంది. ఊరికే రికార్డు చేసుకుని పంపేయడం బాగుండదని వాడు నాలుగు కట్టలు మెంతికూర, రెండు కట్టలు తోటకూర తీసుకున్నాడు. వాటిని స్టూడియో ఖర్చు కింద చూపించుకోవచ్చా అని నన్ను అడిగాడు. బిల్లు తీసుకున్నావా అన్నాను.