మూడున్నర రూపాయల వడ్డీ

జూలై మూడో వారంలో మా బావమరిది ఫోన్ చేసి, ‘చెప్పకుండా వడ్డీ పెంచేశారు బావా’ అన్నాడు. గుంటూరులో ప్రభుత్వోపాధ్యాయుడు. పదేళ్లుగా క్రెడిట్ కార్డు వాడుతున్నాడు, ఒక్కసారీ గడువు దాటలేదు. అలాంటిది ఆ నెల స్టేట్‌మెంటులో వడ్డీ పద్దు కింద ఎనిమిది వందల తొంభై చిల్లర, దానిమీద జీఎస్టీ నూట అరవై కనిపించాయి. స్టేట్‌మెంట్లు రెండూ తెప్పించుకుని చూస్తే వడ్డీ రేటు పైసా కూడా మారలేదు. జూన్ బిల్లు ₹48,312 అయితే ఈయన జూలై 5న సరిగ్గా ₹48,000 కట్టి, చిల్లర వచ్చే నెల చూసుకుందాంలే అనుకున్నాడు. అంతకుముందే, జూన్ స్టేట్‌మెంటు వచ్చిన మర్నాడు, కూతురి కాలేజీ ఫీజు ₹25,000 అదే కార్డు మీద కట్టాడు. వడ్డీలో సింహభాగం ఆ ఫీజుదే.

కార్డు మీద కొన్నదానికి నలభై, యాభై రోజుల దాకా వడ్డీ ఉండదన్న మాట నిజమే కానీ, దానికి ఒక షరతు ఉంది. పాత బిల్లు పూర్తిగా తీర్చిన వారికే ఆ సౌకర్యం. బిల్లులో ఎంత కొంచెం మిగిల్చినా, ఆ బిల్లు వచ్చాక కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఈ సంగతిని ముఖ్య నిబంధనల్లో ప్రత్యేకంగా వివరించాలని రిజర్వు బ్యాంకు కార్డు సంస్థలను ఆదేశించింది కాబట్టి, కార్డుతో పాటు వచ్చిన కాగితాల్లో అది ఎక్కడో ఉండే ఉంటుంది. చదివినవాళ్లెవరో నాకు తెలియదు, నేనైతే చదవలేదు. బావమరిదికి లేట్ ఫీజు పడలేదు, ఎందుకంటే మినిమమ్ డ్యూ, అంటే గడువులోగా కట్టి తీరాల్సిన కనీస మొత్తం కంటే ఎంతో ఎక్కువే కట్టాడు. ₹312 బాకీ కారణంగా ₹25,000 మీద వడ్డీ పడిందంతే.

మన ఊళ్లలో వడ్డీని ఏడాది శాతంలో ఎవరూ చెప్పరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెబుతారు. ప్రోనోటు రాసేటప్పుడు రెండు రూపాయల వడ్డీ అంటే బేరమాడతారు, మూడు రూపాయలంటే ‘ఇదేం వడ్డీ’ అని లేచిపోతారు. కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3.5 నుంచి 3.75 శాతం. మన లెక్కలో మూడున్నర నుంచి మూడు ముప్పావు రూపాయల వడ్డీ. ఏడాదికి 42 నుంచి 45 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ కాబట్టి మూడున్నర కాస్తా నాలుగు రూపాయలు దాటుతుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి అడిగితే ఛీకొట్టే రేటుకు మనమే సంతకం పెట్టి, సినిమా టికెట్ల మీద తగ్గింపు వచ్చిందని సంతోషిస్తున్నాం.

నిజంగానే రేటు పెంచినప్పుడు భారం ఎంత? ₹60,000 బిల్లు వచ్చి, మినిమమ్ డ్యూగా ₹3,000 మాత్రమే కట్టిన వ్యక్తిని తీసుకుందాం. మిగిలిన ₹57,000 మీద నెలకు మూడున్నర చొప్పున వడ్డీ ₹1,995, జీఎస్టీ ₹359, మొత్తం ₹2,354. మరుసటి నెల మళ్లీ ₹3,000 కడితే అసలులో తగ్గేది ₹650 కూడా కాదు. బ్యాంకు రేటును 3.75కి పెంచిందనుకుంటే, పన్నుతో కలిపి అదనంగా పడేది నెలకు ₹168. పెంపు వార్త చూసి ఆగ్రహించేవారు ఆ ₹168 గురించే మాట్లాడతారు, అంతకుముందు నుంచీ నెలనెలా పోతున్న ₹2,354 సంగతి ఎత్తరు. రేటు పెంపు అన్యాయం కాదని నేననను. కానీ పాత రేటే నడ్డి విరిచేంతటిదన్నది ముందు గుర్తించాలి.

ఈ రేటును కోర్టులో ప్రశ్నించే దారి దాదాపు మూసుకుపోయింది. 30 శాతానికి మించి కార్డు వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెబితే, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రైవేటు అప్పులో వడ్డీ మరీ అధికమైతే ఆ లావాదేవీని తిరగదోడే అధికారం 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కోర్టులకు ఇచ్చింది. బ్యాంకులకు మాత్రం బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 21ఏ సెక్షను ఆ బెడద లేకుండా చేసింది. అంటే ప్రోనోటు రాయించుకున్న షావుకారు వడ్డీని తగ్గించమని జడ్జిగారిని అడగవచ్చు, కార్డు వడ్డీని తగ్గించమని అడగలేం.

ఇక మిగిలింది రిజర్వు బ్యాంకు నిబంధనలు. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు తెలియజేయాలి, మార్పు ఆ తర్వాతి కాలానికే వర్తించాలి. మార్పు నచ్చని ఖాతాదారు కార్డు వదులుకుంటానంటే అదనపు రుసుము అడగకూడదు. ఏడు పనిదినాల్లో మూసేయకపోతే రోజుకు ₹500 చొప్పున ఖాతాదారుకే చెల్లించాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఇదంతా బాకీ లేనివాడికే. ₹57,000 బాకీ ఉన్నవాడు పెంపు నచ్చలేదని కార్డు వదిలి ఎక్కడికి పోతాడు? పెంపు దెబ్బ తగిలేది అతడికే, తప్పుకునే హక్కు మాత్రం దెబ్బ తగలనివాడికి. అమెరికాలో 2009 నాటి కార్డు చట్టం ఈ చిక్కును వేరే విధంగా విప్పింది. అక్కడ 45 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పైగా పెంచిన రేటు సాధారణంగా కొత్త కొనుగోళ్లకే వర్తిస్తుంది, బకాయి 60 రోజులు దాటితే తప్ప పాత బాకీ జోలికి రాకూడదు. మన రిజర్వు బ్యాంకు కూడా పాత బాకీకి పాత రేటే అని ఒక్క వాక్యం చేరిస్తే, ఖాతాదారుకు ఇప్పుడున్న హక్కులన్నింటికంటే అదే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

లేట్ ఫీజు విషయంలో నిబంధనలు కొంత గట్టిగానే ఉన్నాయి. గడువు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, మన అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు తెలపాలి. ఆ ఫీజు కూడా గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే తప్ప మొత్తం బిల్లు మీద కాదు. ఈ మూడు రోజుల వెసులుబాటు వడ్డీకి కూడా ఉంటుందనుకోవద్దు. బిల్లు చేతికందాక కట్టడానికి కనీసం పక్షం రోజులు గడువుండాలి కాబట్టి, స్టేట్‌మెంటే ఆలస్యంగా వస్తే అది కచ్చితంగా ఫిర్యాదు చేయదగ్గ విషయం. కస్టమర్ కేర్‌తో ఫోనులో గంటసేపు వాదించేకన్నా నాలుగు వాక్యాల ఈమెయిలు మేలు, తేదీ రుజువుగా నిలుస్తుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేస్తే సరిపోతుంది.

కానీ తప్పుగా వేసిన లేట్ ఫీజు వెనక్కి వచ్చినంత మాత్రాన బాకీ తీరదు. మన ఇళ్లలో కాస్తో కూస్తో బంగారం ఉంటుంది. బ్యాంకులో దానిమీద రూపాయి లోపు వడ్డీకే అప్పు దొరుకుతుంది. రూపాయే అనుకున్నా ₹57,000కు నెలకు ₹570, కార్డులో నాలుగో వంతు. గాజులు తాకట్టు పెట్టడం పరువు తక్కువ, కార్డు బాకీ మోయడం మామూలు అనుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. బంగారం లేకపోతే ఆ బాకీని ఈఎంఐగా మార్చమని అడగాలి, ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి లెక్క చూసుకోవాలి. ఏది చేసినా బాకీ తీరేదాకా ఆ కార్డును బయటికి తీయకూడదు, పాలప్యాకెట్టు కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ. ఆటో డెబిట్ పెట్టుకున్నవారు అది మొత్తం బిల్లుకు పెట్టారో, మినిమమ్ డ్యూకు పెట్టారో ఒకసారి చూసుకోవడం మంచిది.

బావమరిది ఈసారి పైసలతో సహా మొత్తం బిల్లు ఆగస్టు 5న కట్టేశాడు. ఆగస్టు స్టేట్‌మెంటులో మళ్లీ వడ్డీ ఆరు వందల పైచిలుకు కనిపించింది. జూలై స్టేట్‌మెంటు తయారైన రోజు నుంచి ఆయన డబ్బు కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ అది. ఆ సాయంత్రమే ఫోను మోగింది. ‘మళ్లీ పెంచారు బావా’ అన్నాడు.