డబ్బు నగరానిది, జాబితా ఎవరిది?

ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు. ఆ వారాంతంలో, కారులో నాలుగైదు గంటల దూరంలో ఉన్న రెండు నగరాలు ఒకేసారి జాజ్ పండగ చేసుకుంటాయి. ఒకటి షికాగో, రెండోది డెట్రాయిట్. రెండుచోట్లా టికెట్ లేదు. మడత కుర్చీ ఒకటి, మంచినీళ్ల సీసా ఒకటి పట్టుకెళ్తే చాలు, ప్రపంచంలో పేరున్న వాద్యకారుల్ని పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. వినేవాళ్లకు రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. తేడా అంతా బిల్లు కట్టే దగ్గరుంది. షికాగోలో ఆ బిల్లు ప్రధానంగా నగర ప్రభుత్వానిది. డెట్రాయిట్‌లో ఒక సంపన్నురాలు రాసిచ్చిన మూలనిధి ఆ భారం మోస్తోంది.

నగరం సొమ్ముతో జాజ్ ఏమిటన్న ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. షికాగో ఆర్థిక పరిస్థితి తెలిసినవాళ్లకు 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అన్న మాట తప్పకుండా గుర్తొస్తుంది. పింఛన్ల బకాయిలు ఆ నగరాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్నాయి. 2008లో ఖజానా నింపుకోవడానికి రోడ్ల మీది పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు ప్రైవేటు వాళ్లకు రాసిచ్చేసింది. వచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు. అందులో చాలామటుకు కొద్ది ఏళ్లలోనే ఖర్చయిపోయింది. మీటర్ల మీద హక్కు మాత్రం 2083 దాకా తిరిగి రాదు. ఇలాంటి నగరం ట్రంపెట్ వాయించేవాళ్లకు డబ్బిస్తానంటే, తన వీధిలో గుంత పూడ్చలేదని కోపంగా ఉన్న మనిషి ఊరుకోడు. ఊరుకోవాల్సిన పనీ లేదు.

ఆ మనిషికి అధికారులు చెప్పే రెడీమేడ్ జవాబు ఒకటుంది. పండగ వల్ల పర్యాటకులు వస్తారు, హోటళ్లు నిండుతాయి, పెట్టిన డాలరుకు ఇన్ని డాలర్లు తిరిగొస్తాయి అని. ఈ జవాబు మీద నాకు నమ్మకం లేదు. గేటు లేని పండగకు ఎంతమంది వచ్చారో ఎవరు లెక్కపెట్టారు? లేబర్ డే సెలవుకు షికాగో చూడ్డానికి ఎలాగూ వచ్చినవాళ్లు, దారిలో పాట వినబడి ఆగినవాళ్లు కూడా పండగ ఖాతాలోకే వెళ్తారు. ఆ సాయంత్రం పార్కు దగ్గర బర్గర్ తిన్న నగరవాసి, పండగ లేకపోతే తన పేటలోనే ఇంకో హోటల్లో తినేవాడు. నగరానికి కొత్తగా వచ్చిందేమిటి? పైగా లాభం చూపించి ఖర్చును సమర్థించుకోవడం మొదలెడితే, రేపు ఎవరో వచ్చి జాజ్ బదులు పాప్ గాయకుణ్ని పెడితే ఇంకా ఎక్కువ లాభం అంటారు. అప్పుడు చెప్పడానికి మాట ఉండదు.

టికెట్ పెట్టి నడిపితే ఏమవుతుందో న్యూ ఆర్లియన్స్‌లో చూడొచ్చు. అక్కడి జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ 1970లో కాంగో స్క్వేర్‌లో మొదలైంది, టికెట్ 3 డాలర్లు. వినడానికి వచ్చినవాళ్ల కంటే వాయించేవాళ్లే ఎక్కువ ఉన్నారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఇప్పుడు ఒక్క రోజు టికెట్ కోసం వంద డాలర్ల దగ్గర పెట్టుకోవాలి. 2024లో అక్కడి పెద్ద వేదిక మీద వాయించింది రాక్ బృందం రోలింగ్ స్టోన్స్. అది తప్పని అనను. ఆ పండగ వెనకున్న ఫౌండేషన్ వచ్చిన డబ్బును పిల్లల సంగీత శిక్షణకు, స్థానిక రేడియోకు పెడుతోంది. కానీ గేటు దగ్గర డబ్బు రావాలంటే గేటు దాకా జనాన్ని రప్పించే పేరు కావాలి. ఆ పేరు జాజ్‌లో దొరక్కపోతే బయటినుంచి తెస్తారు.

నగరం డబ్బివ్వడానికి నాకు కనిపించే కారణం వేరే. 1922లో జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూ ఆర్లియన్స్ నుంచి రైలెక్కి షికాగోలో దిగాడు. నగరం దక్షిణ భాగమైన సౌత్ సైడ్‌లోని లింకన్ గార్డెన్స్ అనే డాన్స్ హాల్లో తన గురువు కింగ్ ఆలివర్ పక్కన రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) వాయించాడు. 1925 నుంచి అదే నగరంలో 'హాట్ ఫైవ్' పేరుతో అతను చేసిన రికార్డింగులు జాజ్ నడకనే మార్చేశాయి. అతనొక్కడే కాదు. దక్షిణాది పత్తి చేల నుంచి, అక్కడి అవమానాల నుంచి లక్షల మంది నల్లజాతివాళ్లు ఆ దశాబ్దాల్లో షికాగోకు వలస వచ్చారు. నగరం వాళ్లను సౌత్ సైడ్‌లో ఒక ఇరుకు పట్టీలోకి నెట్టింది, బయట ఇల్లు కొననివ్వలేదు. ఆ ఇరుకులోనే క్లబ్బులు పుట్టాయి. తర్వాత పట్టణ పునరుద్ధరణ పేరుతో ఆ పేటల్లో ఇళ్లు కూల్చారు, డబ్బున్నవాళ్లు వెళ్లిపోయారు, ఒక్కో క్లబ్బూ మూతబడింది. ఇంత చేసిన నగరం ఏడాదికి నాలుగు రోజులు వేదిక కట్టి మైకు పెట్టడాన్ని సబ్సిడీ అనడం నాకు నచ్చదు. పాత బాకీలో ఇది చిన్న వాయిదా.

ఇంకో సంగతి. ఈ పండగను కనిపెట్టింది నగరం కాదు. 1974 మేలో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ చనిపోయారు. ఆ వేసవిలో షికాగో సంగీతకారులు గ్రాంట్ పార్కులో ఆయన జ్ఞాపకార్థం కచేరీ పెట్టుకున్నారు. అది ఏటేటా జరిగే ఆనవాయితీ అయింది. 1978లో సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ పేరు మీద ఇంకొకరు మరో కచేరీ పెట్టారు. ఆ తర్వాత జాజ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో తానూ ఒక పండగ చేస్తానంది. మూడింటినీ కలిపి 1979లో నగరం ఒకే జాజ్ ఫెస్టివల్‌గా చేసింది. అంటే డబ్బు రాకముందే సంగీతం ఉంది, దాన్ని నడిపే మనుషులూ ఉన్నారు. నగరం వెనకనుంచి వచ్చి పందిరి వేసింది.

అసలు విశేషం ఆ తర్వాత ఏర్పాటైన పద్ధతిలో ఉంది. వేదిక, సౌండు, భద్రత, చెత్త ఎత్తించడం, చెక్కులు రాయడం నగర సాంస్కృతిక శాఖ పని. ఎవరు వాయించాలన్నది మాత్రం 1969 నుంచి ఉన్న ఆ జాజ్ ఇన్‌స్టిట్యూట్ కమిటీ తేలుస్తుంది. అందులో సంగీతకారులు, జాజ్‌ను ఏళ్లుగా వింటున్నవాళ్లు కూర్చుంటారు. గొడవలు పడతారు, ఊళ్లోవాళ్లకు ఎన్ని చోట్లు, బయటివాళ్లకు ఎన్ని అని వాదించుకుంటారు. మేయర్లు మారారు, పార్టీలోనే వర్గాలు మారాయి, పద్ధతి నిలబడింది. జాబితా మేయర్ ఆఫీసులో తయారై ఉంటే ఈపాటికి ఆ పండగ ఎప్పుడో ఎన్నికల సభలా మారిపోయేదని నా అనుమానం.

మన దగ్గర జిల్లా యంత్రాంగం ఆధ్వర్యంలో జరిగే ఉత్సవాలు చూసినవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. డబ్బు ప్రభుత్వానిదే, జాబితా కూడా ప్రభుత్వానిదే. సాయంత్రం అయిదింటికి, ఇంకా కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వరసల్లో వేస్తుండగా, ఊళ్లో బుర్రకథ దళాన్నో డప్పు కళాకారుల్నో పావుగంటలో కానిచ్చెయ్యమంటారు. ఏడింటికి ప్రసంగాలు, శాలువాలు. తొమ్మిదింటికి సినిమా పాటల బృందం దిగుతుంది, అప్పుడు జనం నిండుతారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వస్తుంది. పారితోషికంలో సింహభాగం ఎవరిదో వేరే అడగాలా? సినిమా సంగీతం మీద నాకేం కోపం లేదు, దానికి సర్కారు సొమ్ము అవసరమే లేదంటున్నాను.

షికాగోలో ఇప్పుడు పండగ జరిగే మిలేనియం పార్కు తెలుగువాళ్లకు తెలియని చోటేం కాదు. శివారు ఊళ్లు నేపర్‌విల్, అరోరాల నుంచి అమ్మానాన్నల్ని తీసుకొచ్చి ఆ మెరిసే 'గింజ' (బీన్) శిల్పం ముందు ఫొటో దిగే చోటు అదే. రోడ్డు దాటితే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం. పార్కులోని ప్రిట్జ్‌కర్ పెవిలియన్ కట్టింది ఫ్రాంక్ గెహ్రీ. నాలుగు వేల కుర్చీలు, వాటి వెనక పచ్చిక. పచ్చిక మీదుగా ఇనుప గొట్టాల పందిరి అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది, స్పీకర్లన్నీ దానికే వేలాడతాయి. అందుకే చిట్టచివర దుప్పటి పరుచుకుని పడుకున్నవాడికి కూడా బాస్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపిస్తుంది. (15 కోట్ల డాలర్లన్న పార్కు 47 కోట్లు దాటింది. గుంతల మనిషి దీని గురించి అడిగితే ఇంకా బావుండేది.)

నాకు మాత్రం ఆ పెద్ద వేదిక కన్నా, పక్కనే హారిస్ థియేటర్ డాబా మీద మధ్యాహ్నం పూట జరిగే కచేరీల మీదే మనసు. అక్కడ హైస్కూలు పిల్లల బ్యాండ్లు వాయిస్తాయి. 'యంగ్ జాజ్ లయన్స్' అంటారు. ఎండలో చొక్కా వీపుకి అంటుకుపోయిన కుర్రాడు సోలో కోసం ఒక అడుగు ముందుకేస్తాడు. మొదటి నాలుగు స్వరాలూ తడబడతాడు. వెనక డ్రమ్ముల దగ్గరున్న పిల్ల వాణ్ని వదలకుండా పట్టుకుంటుంది, ఎనిమిదో మాత్రకల్లా దారిలో పడతాడు. కింద వాళ్లమ్మ ఫోన్ ఎత్తిపట్టుకుని ఉంటుంది. నగరం డబ్బుకు ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచదు.

డబ్బు వచ్చే దారిలో మాత్రం ఒక లోపముంది. సాంస్కృతిక శాఖ నిధుల్లో పెద్ద భాగం హోటల్ గదుల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. షికాగోలో గది తీసుకుంటే అన్ని పన్నులూ కలిపి బిల్లులో 17 శాతం దాటుతాయి. అందులో నగరానికి దక్కే వాటా ఈ నిధికి చేరుతుంది. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. గుంతల సొమ్ము ముట్టుకోలేదని చెప్పుకోవచ్చు. కానీ 2020లో కోవిడ్ వచ్చి హోటళ్లు ఖాళీ అయ్యాయి. క్లబ్బులు మూతబడి సంగీతకారుల చేతుల్లో పని లేని సరిగ్గా ఆ సమయానికే, వాళ్లను ఆదుకోవాల్సిన నిధి కూడా ఎండిపోయింది. ఆ ఏడాది పండగ రద్దు. 2021లో 'షికాగో ఇన్ ట్యూన్' పేరుతో గాస్పెల్, జాజ్, బ్లూస్, హౌస్ అనే సంగీతాలన్నింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి ఒక్కోదానికి ఒక్కో సాయంత్రంతో సరిపెట్టారు. ఆ తర్వాతి బడ్జెట్లో సాధారణ నిధి నుంచి కళలకు అదనంగా కేటాయించారు. అది ఏటా కొట్లాడి తెచ్చుకోవాల్సిన డబ్బు. 2025లో కేంద్ర ప్రభుత్వ కళల సంస్థ దేశమంతటా గ్రాంట్లను ఉన్నపళంగా వెనక్కి తీసుకున్నాక ఆ కొట్లాట ఇంకా అవసరమైంది.

మరి డెట్రాయిట్ పద్ధతే మేలా? 1980లో మొదలైన అక్కడి పండగ పాతికేళ్లకల్లా స్పాన్సర్లు దొరక్క మునిగే స్థితికొచ్చింది. అప్పుడు గ్రెచెన్ వలాడె అనే ఆవిడ ముందుకొచ్చారు. కార్మికులు వేసుకునే దళసరి బట్టలు కుట్టే కార్హార్ట్ కంపెనీ వ్యవస్థాపకుడి మనవరాలు. 2006లో కోటి డాలర్లు మూలనిధిగా ఇచ్చారు. 2013 జూలై 18న డెట్రాయిట్ దివాలా పిటిషన్ వేసింది. అప్పులు 1,800 కోట్ల డాలర్ల దాకా ఉన్నాయి, అమెరికా చరిత్రలో అంతకుముందు ఏ నగరమూ అంత పెద్ద దివాలా తీయలేదు. నగరం ఆస్తి గనుక ఆర్ట్ మ్యూజియంలోని చిత్రాలకు కూడా వేలం సంస్థ చేత వెల కట్టించారు. అవి అమ్ముడుపోకుండా కాపాడటానికి ఫౌండేషన్లు, రాష్ట్రం కలిసి కోట్లు పోయాల్సి వచ్చింది. జాజ్ పండగ జోలికి మాత్రం ఎవరూ రాలేదు. అప్పులవాళ్లు పట్టుకుపోవడానికి అది నగరానిది కాదు. పిటిషన్ వేసిన ఆరు వారాలకు హార్ట్ ప్లాజాలో ఎప్పటిలాగే జరిగింది.

దీన్ని చూపించి ప్రభుత్వం తప్పుకోవాలనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వలాడె గారిలాంటి మనిషి డెట్రాయిట్‌కు దొరకడం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని విధానం రాయలేం. ఆవిడకు జాజ్ బదులు గుర్రాల మీద మోజుండి ఉంటే? 97 ఏళ్లు బతికి 2022 చివర్లో ఆవిడ వెళ్లిపోయారు. మూలనిధి మిగిలింది, ఆవిడ అభిరుచి మిగులుతుందని హామీ లేదు. షికాగోలో కనీసం కౌన్సిల్ సమావేశానికి వెళ్లి నిలదీయడానికి ఒక మనిషుంటాడు. డెట్రాయిట్ నుంచి షికాగో నేర్చుకోవాల్సింది ఒకటే ఉంది. మంచి రోజుల్లో హోటల్ పన్ను పొంగినప్పుడు కొంత తీసి విడిగా, నగరం చేతికి అందని ట్రస్టులో పెట్టాలి. చెరువు నిండినప్పుడే గట్టు వేసుకోవాలి.

ఇక నగరాన్ని అడగాల్సిన అసలు ప్రశ్న పార్కు బయట ఉంది. సాక్సోఫోన్ విద్వాంసుడు వాన్ ఫ్రీమన్ సౌత్ సైడ్‌లో 75వ వీధిలోని న్యూ అపార్ట్‌మెంట్ లాంజ్‌లో ఏళ్ల తరబడి మంగళవారం రాత్రులు వాయించారు. ఆయన సెట్ అయ్యాక ఎవరైనా వాద్యం పట్టుకుని ఎక్కొచ్చు. నగరంలో ఎంతోమందికి అదే బడి. 2012లో ఆయన పోయారు, పండగలో ఒక వేదికకు ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం తేలిక. అలాంటి మంగళవారాలు నిలబెట్టడానికి నగరం ఏం చేస్తోందన్నది ప్రశ్న. సౌత్ సైడ్ పేటలైన హైడ్ పార్క్‌లో 2007 నుంచి జరిగే జాజ్ ఫెస్టివల్, ఎంగిల్‌వుడ్‌లో అక్కడివాళ్లు చేసుకునే పండగ, విరాళాలు, చిన్న చిన్న గ్రాంట్లు పోగేసుకుని నడుస్తున్నాయి. మిలేనియం పార్కు ఖర్చు ముందు వాటికి కావలసింది చిల్లర.

బడ్జెట్లో పండగ పద్దును రెండుగా విడగొట్టి రాయమని కోరాలి. వేదికకు, లైట్లకు, భద్రతకు పోయేది ఒక వరస. సంగీతకారుల చేతికి, పేటల్లోని క్లబ్బులకు, స్కూళ్లకు వెళ్లేది ఇంకో వరస. రెండో వరస ఏటేటా పెరుగుతోందో లేదో చూస్తే చాలు. డాబా మీద మొదటి నాలుగు స్వరాలూ తడబడిన ఆ కుర్రాడు నవంబరులో, చలి మొదలయ్యాక, మంగళవారం రాత్రి ఎక్కడ వాయిస్తాడు, వాయిస్తే ఎంతిస్తారు అన్నది ఆ వరసలోనే తెలుస్తుంది.