నాకు పదికి తొమ్మిది

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మా ఇంట్లో ఒలికే స్కెచ్ పెన్నుల సిరా దాన్ని మించేటట్టుంది. ఆరో తరగతి చదివే అమ్మాయి ఉన్న ఇల్లు మరి. ఇప్పుడు పాఠం చదివితే చాలదు, దానికి మైండ్ మ్యాప్ వేయాలి. నడుమ ఒక గుండ్రం, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మకో రంగు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను (2022 దాకా మా జిల్లాదే, జిల్లాను చీల్చి పట్టుకుపోయారు) 1989లో గిన్నిస్ బుక్కెక్కింది గానీ, ఊడల లెక్కలో మా పిల్లల చార్టులు దాన్ని ఎప్పుడో దాటేశాయి.

ఈ విద్యకు చరిత్ర ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ అనే ఆయన, సైన్సు పాఠం విన్న పిల్లల బుర్రలో అసలేం మిగిలిందో చూడాలని వాళ్లను మాట్లాడించి, ఆ మాటలను తన బృందంతో కాన్సెప్ట్ మ్యాపులుగా, అంటే భావాలను గీతలతో కలిపే బొమ్మలుగా, గీయించాడు. 1974లో టోనీ బుజాన్ అనే బ్రిటిష్ రచయిత బీబీసీ టీవీలో మైండ్ మ్యాపును జనంలోకి తెచ్చాడు. ఇద్దరూ మహానుభావులే. ఒక్క పొరపాటు చేశారు: నేర్చుకునేవాడే బొమ్మ గీసుకోవాలన్నారు. పిల్ల గీస్తే నీట్‌నెస్ ఏం కాను? మేం ఆ లోపం సరిదిద్దాం. రాత్రి పదకొండింటికి తండ్రి గీస్తాడు, తల్లి రంగులు వేస్తుంది, పిల్ల నిద్రపోతుంది. నిద్ర జ్ఞాపకశక్తికి మంచిది కూడా.

మొన్న నీటి చక్రం వచ్చింది. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన, ఏరు, మళ్లీ సముద్రం. బాణాలన్నీ స్కేలు పెట్టి గీశాను. మా అమ్మ వక్కాకు నములుతూ వచ్చి నిలబడింది. కళ్యాణదుర్గం పక్క పల్లెలో శనక్కాయ వేసి ఆకాశం చూస్తూ బతికిన మనిషి.

"ఈ గీత ఏంది నాయినా?"

"మబ్బు నుంచి వాన పడేదమ్మా."

"మబ్బొస్తే వాన పడతాదా? యాడ? గాలి కొడితే తుర్రుమంటాది. ఆ గీత మింద ఏమన్నా రాయి."

నొవాక్ చెప్పిందీ అదే. ఊరికే గీత కలిపితే కాదు, ఆ రెండింటికీ ఉన్న సంబంధాన్ని గీత మీద మాటల్లో రాయాలి. అయితే చార్టులో అంత జాగా లేదు. మబ్బుకు దూది అంటించాం.

మాటల సందడికి అమ్మాయి లేచింది. "నాయినా, మబ్బులొచ్చినా మనకు వాన ఎందుకు రాదు?" నైరుతి గాలుల్లోని తేమంతా పడమటి కనుమలకు అవతలే కురిసిపోతుందని, ఈశాన్య గాలులు తీరం నుంచి మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయని చెప్పాను. అది పాత నోటుబుక్కు అట్ట వెనక పెన్సిలుతో కొండ గీసింది. అవతల వాన, ఇవతల తలెత్తి చూస్తున్న జేజి. నడుమ బాణం మీద "కొండ అడ్డం" అని రాసింది. అంతా వంకర, పైగా చెరిపిన మరకలు. అలాంటిది స్కూలుకెట్లా పంపుతాం? గదమాయించి పడుకోబెట్టాను.

చార్టు క్లాసు గోడకెక్కింది. నాకు పదికి తొమ్మిది వచ్చాయి. సూర్యకిరణాలు ఒక్క కొలతలో లేవని ఒక మార్కు కోశారు. మా ఆఫీసులో పక్క సీటాయనకు పదికి పది. వచ్చే వారం ఆహారపు గొలుసు. గడ్డి, మిడత, కప్ప, పాము అయ్యాయి. గద్ద రెక్కలకు మెరుపుల పొడి చల్లాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.