జావా ఇంటి ఇల్లరికపుటల్లుడు నాష్‌హార్న్ గారికి

అయ్యా,

జావా ప్రోగ్రాముల లోపల జావాస్క్రిప్టు కోడును నడిపించే ఇంజిన్‌గా, 2014 మార్చిలో జావా 8తో పాటు తమరు గృహప్రవేశం చేసినప్పుడు మా ఆనందానికి హద్దుల్లేవు. జావా 6 నాటి నుంచి ఆ గదిలో కాపురమున్న పాత ఇంజిన్ రైనో గారు నిదానస్తులు. తమరేమో ఇన్వోక్‌డైనమిక్ అనే జావా లోపలి ఆదేశం అండతో జావాస్క్రిప్టును పరుగులు తీయించారు.

తమరిని తెచ్చుకున్న పని చిన్నదే. డిస్కౌంటు లెక్కగట్టే సూత్రం మారినప్పుడల్లా కోడును మళ్లీ బిల్డు చేసి, సర్వరును ఆపి, మళ్లీ సర్వరులోకి ఎక్కించే (డిప్లాయ్ చేసే) శ్రమ లేకుండా, ఆ సూత్రాన్ని డేటాబేసులో దాచి తమరి చేత నడిపించుకుందామనుకున్నాం. ఆ ఒక్క పంక్తి పక్కన మొదట ఒక ఇఫ్ (షరతు) చేరింది, తరవాత ఫంక్షన్లు, చివరకు వ్యాపారమంతా చేరింది. దానికి తప్పులు ముందే పట్టే కంపైలర్ కాపలా గానీ, యూనిట్ టెస్టు గానీ, మార్పులు నమోదు చేసే గిట్‌లో చరిత్ర గానీ లేవు. డిప్లాయ్ అక్కర్లేని మార్పంటే పరీక్ష కూడా అక్కర్లేని మార్పేనని మేనేజర్లు మాకంటే ముందే గ్రహించారు.

కూడికలు చేసిపెట్టవలసిన తమరికి ఇంటి తాళాలన్నీ ఎవరిచ్చారో గానీ, స్క్రిప్టులో జావా.టైప్("జావా.లాంగ్.సిస్టమ్").ఎగ్జిట్(0) అని, ప్రోగ్రామునే ఆపేసే పంక్తి రాస్తే చాలు, డిస్కౌంటుతో పాటు సర్వరూ సున్నా అయ్యేది. ఏయే క్లాసుల జోలికి పోకూడదో చెప్పే క్లాస్‌ఫిల్టర్ 8వ వెర్షన్ 40వ అప్‌డేటులో గానీ రాలేదు; వచ్చాక కూడా, అంతులేని వైల్ లూపులో పడ్డ తమరిని లేపే ఉపాయం అందులో లేదు. ఇక జవాబుల సంగతి: అదే సూత్రం ధర 100 అయితే ఇంటీజర్ (పూర్ణసంఖ్య), 99.50 అయితే డబుల్ (దశాంశ సంఖ్య). ఇంటీజరే వస్తుందని నమ్మి జవాబును ఆ రకంగానే తీసుకున్నవారి (కాస్ట్ చేసినవారి) లాగ్ ఫైళ్లు చూస్తే జాలేస్తుంది.

తమరి నిష్క్రమణ మాత్రం అద్భుతం. జావాస్క్రిప్టు మారే వేగాన్ని అందుకోలేమంటూ 2018లో జావా 11 తమరికి నోటీసిచ్చింది. 2020 సెప్టెంబరులో జావా 15 నుంచి తమరు లేరు. గెట్‌ఇంజిన్‌బైనేమ్ అని పేరు పెట్టి పిలిస్తే ఎక్సెప్షన్ (లోప సందేశం) ఏదీ రాదు, మర్యాదగా నల్, అంటే 'ఏమీ లేదు' అన్న జవాబు వస్తుంది. తరవాతి పంక్తిలో స్క్రిప్టును నడపమని ఇవాల్ అనగానే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ పేలుతుంది. ప్రోగ్రామరు పాపం, డిస్కౌంటు సూత్రంలో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు. తమరు విడి లైబ్రరీగా వేరు కాపురం పెట్టారన్న కబురు అతనికి ఆలస్యంగా అందుతుంది.

తమరి స్థానంలోకి గ్రాల్‌జేఎస్ అనే మరో జావాస్క్రిప్టు ఇంజిన్ గారొచ్చారు. అనుమతి రాసిస్తే తప్ప జావా వస్తువును ముట్టరట, ఎంత సంస్కారం! పాత స్క్రిప్టులు నడవడం లేదని ఫిర్యాదు రాగానే మావాళ్లు అలౌఆల్‌యాక్సెస్(ట్రూ), అంటే అన్నిటికీ అనుమతి, అని రాసి, టికెట్ మూసేసి, భోజనానికి వెళ్లారు.

ఇట్లు,
తమరి పాత స్క్రిప్టులకు నేటి సంరక్షకుడు