పాత డిటెక్టర్‌ని బూస్ట్ చేయకండి, బాగు చేయండి

ఈ హాబీలో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే ప్రశ్న, "ఎంత లోతు లాగుద్ది?" చేతిలో మెటల్ డిటెక్టర్ కనబడితే చాలు, పార్కులో కుక్కను తిప్పే పెద్దాయన ఇదే అడుగుతాడు. ఊరి నుంచి మా బావ వాట్సాప్‌లో ఇదే అడుగుతాడు. గరాజ్ సేల్‌లో 1980ల నాటి మెషీన్ కొనుక్కొచ్చి టేబుల్ మీద విప్పి పెట్టుకున్న కుర్రాడూ ఇదే అడుగుతాడు. అక్కడ ఇదివరకు ఏ ఇల్లుండేది, మట్టి ఎలాంటిది, ఎన్ని మేకులు పడున్నాయి అని ఒక్కరూ అడగరు. బోరుబావి వేయిస్తున్నట్టు అందరికీ లోతే కావాలి.

నేనుండేది నార్త్ కరోలినాలో. ఖాళీ దొరికితే పాత డిటెక్టర్లు కొని, బాగు చేసి, ఇంటివాళ్ల అనుమతితో పాత ఇళ్ల పెరళ్లలో నాణేలు వెతుకుతాను. వైట్స్, టెసోరో, ఫిషర్, కంపాస్, గారెట్ లాంటి కంపెనీలు 70ల్లో, 80ల్లో చేసిన అనలాగ్ మెషీన్లు నాకిష్టం. వీటిలో టెసోరో 2018లో మూతపడింది. వైట్స్ 2020లో మూతపడింది. ఒకప్పుడు టెసోరో లైఫ్‌టైమ్ వారంటీ ఇచ్చేది. కంపెనీయే లేనప్పుడు ఆ కాగితం ఎవరికి చూపిస్తాం? కాబట్టి స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ మనమే పట్టుకోవాలి. అక్కడిదాకా నాకే అభ్యంతరమూ లేదు. పట్టుకున్నాక చేసే పనులతోనే పేచీ.

ఆన్‌లైన్లో ఒకాయన 'పవర్ బూస్ట్' కిట్ అమ్ముతున్నాడు. బ్యాటరీ వోల్టేజీ పెంచి, నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపే తీగచుట్టలోకి, అంటే ట్రాన్స్‌మిట్ కాయిల్‌లోకి, కరెంటు ఎక్కువ పంపి, లోతు రెట్టింపు చేస్తాడట. నమ్మి కొంటున్నవాళ్లలో ఇంజనీరింగ్ చదివిన మనవాళ్లూ ఉన్నారు, అదీ నా బాధ. కాస్త లెక్క చూడండి. కాయిల్ నుంచి కిందికి వెళ్లే అయస్కాంత క్షేత్రం, కాస్త దూరం దాటాక, దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. ఆ క్షేత్రం వల్ల నాణెంలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడులు తిరిగే చిన్న కరెంట్లు, పుట్టి, వాటి క్షేత్రం మళ్లీ పైకి రావాలి. అదీ అదే లెక్కన పడిపోతుంది. రెండూ కలిస్తే ఆరో ఘాతం. అంటే లోతు రెట్టింపయితే సిగ్నల్ 64వ వంతుకి పడిపోతుంది. ఇప్పుడు మీరు కాయిల్ కరెంటును రెండింతలు చేశారనుకుందాం. మీకొచ్చేది సుమారు 12 శాతం అదనపు లోతు. 8 అంగుళాల దగ్గర వినబడే నాణెం 9 అంగుళాల దగ్గర వినబడుతుంది. అదీ కాగితం మీద.

నేల మీద అదీ రాదు. మా దగ్గర నేలంతా ఎర్రమట్టి. రాయలసీమలో పెరిగినవాళ్లకు చూడగానే ఇంటికొచ్చినట్టుంటుంది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. మెషీన్‌కి నాణెం కన్నా ముందు, నాణెం కన్నా గట్టిగా వినబడేది ఈ మట్టే. కరెంటు రెండింతలు చేస్తే నాణెం సిగ్నల్‌తో పాటు మట్టి సిగ్నల్ కూడా రెండింతలవుతుంది. ఇక మిగిలింది ఏమిటి? పైగా కాయిల్‌లో రిసీవ్ చుట్టను ట్రాన్స్‌మిట్ చుట్ట ప్రభావం దాదాపు సున్నా అయ్యేలా ఫ్యాక్టరీలో అమర్చుతారు. ఆ కాస్త మిగులు కూడా పెరిగి, మొదటి యాంప్లిఫయర్ అక్కడే నిండిపోతుంది. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, మెషీన్ ఊరికే అరుస్తుంది, కిట్ కొన్నాయన మాత్రం "ఇప్పుడు సెన్సిటివ్‌గా ఉంది గురూ" అని మురిసిపోతాడు.

సిగ్నల్‌ని పెంచే ఆప్-ఆంప్ ఐసీలు పీకేసి కొత్తవి, తక్కువ నాయిస్ ఉన్నవి పెట్టే పిచ్చి ఇంకోటి. మొదటి స్టేజీలో పెడితే కొంచెం తేడా ఉండొచ్చు, కాదనను. కానీ ఊళ్లోని పెరట్లో మీ మెషీన్‌ని సతాయించేది ఆ ఐసీ నాయిస్ కాదు. పైన పోతున్న కరెంటు తీగలు, పక్కింటి ఎల్ఈడీ లైట్లు, మీ జేబులో ఫోన్. ముందు ఆ ఫోన్ తీసి కార్లో పెట్టండి. రూపాయి ఖర్చు లేదు.

మరి చేయాల్సినవి ఏమిటి? ఇవి చెప్పుకోవడానికి గొప్పగా ఉండవు కాబట్టి వీటి మీద వీడియోలు రావు. నలభై ఏళ్ల మెషీన్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అవి మార్చాలి. వేడెక్కేకొద్దీ సెట్టింగ్ జారిపోవడం, ఎప్పుడూ సన్నగా వినబడే థ్రెషోల్డ్ మోత వణకడం చాలాసార్లు వీటి వల్లే. నాబ్‌ల వెనకుండే పొటెన్షియోమీటర్లలో, స్విచ్‌లలో పేరుకున్న మకిలిని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. బ్యాటరీ హోల్డర్‌లో లీకైన పాత సెల్స్ వదిలిన పచ్చటి పొట్టు గీకాలి. కాయిల్ కేబుల్ కనెక్టర్ దగ్గర లోపల తెగి ఉంటుంది, పైకి కనబడదు, ఊపినప్పుడల్లా తప్పుడు కూత వస్తుంది. పాత మెషీన్లలో హెడ్‌ఫోన్ జాక్ మోనో. అందులో ఇప్పటి స్టీరియో హెడ్‌ఫోన్స్ పెడితే ఒక చెవిలోనే వినబడుతుంది. కాస్త వైరు అతికిస్తే రెండు చెవులూ పనిచేస్తాయి. ఇంత చిన్న పని చేయకుండా 'బూస్ట్' కోసం ఎగబడేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు.

నా మాటకి మినహాయింపుగా ఒక్క మోడ్ (మెషీన్‌లో చేసే మార్పు) ఉంది. దాన్ని ఎన్నిసార్లైనా మెచ్చుకుంటాను. టెసోరోలో కొన్ని మోడళ్లకి, మట్టి సిగ్నల్‌ని అణిచే గ్రౌండ్ బ్యాలెన్స్ నాబ్ బయట ఉండదు. లోపల చిన్న ట్రిమ్మర్ ఉంటుంది, ఫ్యాక్టరీలో ఏదో సగటు మట్టికి తిప్పి మూసేశారు. మా ఎర్రమట్టి ఆ సగటుకి ఆమడ దూరం. ఆ ట్రిమ్మర్ తీసేసి, డబ్బాకి రంధ్రం వేసి, పది చుట్లు తిరిగే పొటెన్షియోమీటర్ బయటికి పెడితే, ఏ పెరట్లో నిలబడితే ఆ పెరటి మట్టికి మెషీన్‌ని సరిచేసుకోవచ్చు. కాయిల్‌ని నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ నాబ్ తిప్పుతుంటే ఒకచోట మట్టి గొంతు అణిగిపోతుంది. దాని కింద ఉన్నది అప్పుడు మాట్లాడటం మొదలుపెడుతుంది. దీంతో లోతు పెరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి మెషీన్‌కి ముందునుంచీ ఉన్న లోతే, మట్టి మింగేస్తున్నది మళ్లీ చేతికొచ్చింది.

ఇక మేకుల సంగతి. అసలు పోరాటం ఇక్కడుంది. ఇక్కడి పాత ఇళ్లు చెక్కవి. కాలిపోతాయి, కూలిపోతాయి, చెక్క పోతుంది, మేకులు మిగులుతాయి. అడుగడుగునా మేకు. పక్కన మేకు ఉంటే నాలుగు అంగుళాల్లో ఉన్న వెండి డైమ్ (పది సెంట్ల నాణెం) కూడా వినబడదు. దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని తుపాకీతో కాల్చినప్పుడు, ఒంట్లో ఉన్న గుండును వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక ఇండక్షన్ పరికరం తయారుచేసి తెచ్చాడు. ఫోన్ కనిపెట్టిన ఆ బెల్లే. పరికరం బయట బాగానే పనిచేసింది. మంచం దగ్గర చేయలేదు. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి, పైగా వైద్యుడు గుండు కుడివైపే ఉందని పట్టుబట్టి ఆ వైపే వెతకనిచ్చాడు. గుండు ఎడమవైపు ఉంది. ఆ పరికరానికి 'బూస్ట్' పెడితే స్ప్రింగులు ఇంకా గట్టిగా అరిచేవి, అంతే.

మేకుల మధ్య వెతకాలంటే చిన్న కాయిల్ కావాలి, నెమ్మదిగా ఊపాలి. పెద్ద కాయిల్ లోతు చూస్తుంది నిజమే, కానీ ఒకేసారి అయిదు మేకుల్నీ చూస్తుంది. కంపాస్ వాళ్ల 77బి అనే పాత మెషీన్ 100 కిలోహెర్ట్జ్‌ మీద నడిచేది. నేటి లెక్కల్లో దానికి లోతే లేదు, గ్రౌండ్ బ్యాలెన్స్ లేదు. కానీ మేకుల్ని పట్టించుకోకుండా వాటి మధ్య నాణేన్ని చెప్పేది. అందుకే ఇప్పటికీ దాన్ని దాచుకున్నవాళ్లున్నారు. లోతు పిచ్చోళ్లు మాత్రం దాన్ని చెత్త అంటారు.

కొత్తగా వచ్చేవాళ్లు, చెత్త లోహాల సిగ్నల్ వినబడకుండా చేసే డిస్క్రిమినేషన్ నాబ్‌ని చివరిదాకా తిప్పేసి, చెత్తంతా పోయిందని సంబరపడతారు. చెత్తతో పాటు అయిదు సెంట్ల నికెల్ నాణేలు, బంగారు ఉంగరాలు కూడా పోతాయి. కూల్‌డ్రింక్ డబ్బాల పాత పుల్ ట్యాబ్‌లకి, వీటికి మెషీన్‌లో వచ్చే సిగ్నల్ దాదాపు ఒకటే. వెండి మాత్రం స్కేల్‌కి ఆ చివర ఉంటుంది. 1964 దాకా ఇక్కడి డైమ్, క్వార్టర్ (పాతిక సెంట్లు) నాణేల్లో 90 శాతం వెండి. 1965 నుంచి రాగి మీద రాగి-నికెల్ మిశ్రమ తొడుగు. అందుకే ఈ హాబీలో అందరికీ '64 ముందా, తర్వాతా' అన్నదే పట్టింపు. 1916 నుంచి 1945 దాకా వచ్చిన మెర్క్యురీ డైమ్ రెండున్నర గ్రాములు కూడా తూగదు అరిగాక, కానీ మట్టిలోంచి తెల్లగా మెరుస్తూనే వస్తుంది. రాగి సెంట్లు పాపం పచ్చబడి, గరుకై వస్తాయి.

ఇవి పడున్న లోతు ఎంతనుకున్నారు? గడ్డి వేళ్లు, రాలిన ఆకులు, వానపాములు పైకి తెచ్చిపోసే మట్టి, అన్నీ కలిసి ఏళ్ల తరబడి కప్పినా చాలా నాణేలు ఆరు, ఎనిమిది అంగుళాల లోపే ఉంటాయి. అక్కడిదాకా పాత మెషీనే చూస్తుంది. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద నడిచే కొత్త మల్టీ-ఫ్రీక్వెన్సీ మెషీన్లు బాగుండవని నేననను. వానలో తడిసినా, ఉప్పునీటి బీచ్‌లోనైనా అవే మేలు. డబ్బుంటే కొనుక్కోండి. అయితే ఇంగ్లండ్‌లో 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి బయటపెట్టిన టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది పద్నాలుగేళ్ల పాత డిటెక్టర్ అని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆంగ్లో-సాక్సన్ బంగారంలో అంత పెద్ద నిధి అంతకుముందు దొరకలేదు. 32 లక్షల 85 వేల పౌండ్లు విలువ కట్టి, ఆ డబ్బును ఆయనకీ పొలం యజమానికీ చెరిసగం ఇచ్చారు. దున్నిన పొలం, పై మట్టిలోనే వస్తువులు. లోతు ఎవరికి కావాలి?

ఇప్పుడు మా బావ దగ్గరికొస్తాను. "బావా, ఆ పాత మెషీనొకటి పట్టుకురా, మన ఊరి కోట దగ్గర చూద్దాం, ఇరవై అడుగులైనా లాగాలి" అంటాడు. ఇరవై అడుగుల కింద ఉన్న నాణేన్ని చెప్పే మెషీన్ భూమ్మీద లేదు బావా. పైన చెప్పిన ఆరో ఘాతం కరీంనగర్‌లోనూ కడపలోనూ ఒకటే. ఈ ఆశ మీదే మన దగ్గర 'లాంగ్ రేంజ్' అని చెప్పి, పిడికి తిరిగే యాంటెన్నా తగిలించి లక్షలకి అమ్ముతున్నారు. ఇదే మాయ మీద జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారి ఏడీఈ 651 పేరుతో బాంబ్ డిటెక్టర్లంటూ ఇరాక్‌కి అమ్మాడు. లోపల పనిచేసేది ఏమీ లేదు. చెక్‌పోస్టుల దగ్గర వాటిని నమ్ముకుని జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2013లో అతనికి పదేళ్ల జైలు శిక్ష పడింది.

మన దగ్గర గుప్తనిధుల పేరుతో గర్భగుడులు తవ్వేస్తున్నారు, నందుల్ని పగలగొడుతున్నారు. దాన్నీ, అనుమతి అడిగి ఒకాయన పెరట్లో 1940ల డైమ్ వెతకడాన్నీ ఒకే గాటన కట్టకండి. ఇక్కడ కూడా నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ ఊపితే కేసే. ఫెడరల్ భూముల్లోని పురావస్తువులకి 1979 నుంచీ ప్రత్యేక చట్టముంది. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. నా మెషీన్లు ఇండియాకి రావు.

పునాది తవ్వుతుంటే కుండ బయటపడితే మాత్రం చేయాల్సింది తేలిక. కదపకుండా ఫోటో తీసి, తహశీల్దారుకి చెప్పి, కలెక్టర్‌కి రాసివ్వండి. కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల మీద ఆ వంశం మొదటి రాజు చిముక పేరు చదవగలిగారు కాబట్టే, తొలి శాతవాహనుల చరిత్రలో ఆ గోదావరి ఒడ్డుకి అంత చోటొచ్చింది. అవి ఎక్కడ దొరికాయో తెలుసు గనకే ఆ విలువ. శాతవాహన నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, పోటిన్ అనే చవక మిశ్రమ లోహం. కంసాలికిస్తే టీ ఖర్చు కూడా రాదు.