బోరు మోటారు మీద రేకు

పోయిన నెల కొల్లిపర వెళ్లాను. మా మావయ్య మనవడి అన్నప్రాసన. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్తే, బోరు మోటారు మీద వాన పడకుండా ఒక పాత రేకు కప్పి ఉంది. ఎగిరిపోకుండా దాని మీద నాలుగు ఇటుకలు పెట్టారు. అంచులన్నీ తుప్పు. నీలం రంగు మీద పసుపు అక్షరాలేవో తలకిందులుగా కనిపించాయి. వంగి, మెడ తిప్పి చదివాను. 'శ్రీ వెంకటేశ్వర కిరాణా స్టోర్స్.'

'వెంకటేశ్వర'లో చివరి ర మీద తలకట్టు కొంచెం కుడివైపుకి జారి ఉంది. ఆ జారిన తలకట్టు నాది. 1995 వేసవిలో, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, నా చేత్తో వేసినది.

అక్కడే కూర్చుండిపోయాను. పట్టుచీర నేలకి తగులుతోందని అత్తయ్య అరుస్తున్నా లేవలేదు. ఒక్కసారిగా ఎంత సంతోషం వచ్చిందో ఎలా చెప్పను! అరచేతిలో బ్రష్ బరువు తెలిసింది. టర్పెంటైన్ వాసన వచ్చిందంటే నమ్మండి, చుట్టూ సాంబారు వాసన తప్ప ఇంకేమీ లేని చోట.

మాది తెనాలి. మా ఇంటి ముందు గది అప్పట్లో ఒక ఆర్టిస్ట్‌కి అద్దెకిచ్చారు. బోర్డులు, బ్యానర్లు, లారీల మీద నంబర్లు, గోడల మీద ప్రకటనలు, ఆయన రాయనిది లేదు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఎనిమిదో తరగతి సెలవుల్లో ఊరికే గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "ఏమ్మా, చూస్తూ నిలబడే బదులు ఆ బ్రష్‌లు కడగరాదూ" అన్నాడు. అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి, ఆయన గీతలు గీసి ఇస్తే లోపల రంగు నింపే పని నాది.

బోర్డు రాయడం చూడనివాళ్లకి చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. చెక్క ఫ్రేముకి రేకు బిగించి ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. ఆరాక నేపథ్యం రంగు రెండు పూతలు వేయాలి. అదీ ఆరాక ముగ్గుపిండి పట్టించిన దారాన్ని ఇద్దరు చెరో కొస పట్టుకుని బిగలాగితే, మధ్యలో ఎత్తి వదలగానే టప్‌మని తెల్లటి గీత పడుతుంది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు గీస్తారు. ఆ తర్వాతే బ్రష్ పట్టాలి. మణికట్టు వణకకుండా కింద ఒక సన్నటి కర్ర ఆసరా.

ఇంగ్లీషు బోర్డు రాయడం తేలికని బాబాయ్ అనేవాడు. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు. తెలుగులో అంతా వంపే. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు. 'శ్రీ' అని మొదలుపెట్టామా, పైన గుడి దీర్ఘానికీ కింద ర ఒత్తుకీ చోటు చూసుకోవాలి. 'స్టోర్స్' అయితే మరీ కష్టం: స కింద ట ఒత్తు, పక్కన ర కింద స ఒత్తు, పైన పొల్లు. ఇవన్నీ ముందే లెక్క వేసుకోకపోతే చివరి అక్షరాలు ఇరుక్కుపోతాయి. అందుకే ఆయన నా చేత మొదటి నెలంతా పాత పేపర్ల మీద సున్నలే రాయించాడు. సున్న గుండ్రంగా వస్తే తెలుగు సగం వచ్చినట్టేనని ఆయన లెక్క. గోడకి బాపు గారి అక్షరాల కటింగులు అతికించి ఉండేవి, వారపత్రికల నుంచి కత్తిరించినవి. తర్వాత ఆ రాతే కంప్యూటర్ ఫాంట్ అయి ఊరూరా శుభలేఖల మీదికి ఎక్కింది. మాకు మాత్రం జిగురు మరకలు పడిన ఆ కటింగులే పాఠ్యపుస్తకం.

బోర్డు అయిపోయాక బాబాయ్ నన్ను రోడ్డు దాటించి అవతలి వైపు నిలబెట్టేవాడు. "ఇక్కణ్ణుంచి చదువు" అనేవాడు. దగ్గర్నుంచి బాగున్న అక్షరం దూరం నుంచి బాగుండకపోతే చెరిపి మళ్లీ రాసేవాడు. ఆ జారిన తలకట్టు ఆయన కంటపడే ఉంటుంది. ఎందుకు వదిలేశాడో తెలియదు.

ఇదంతా సంతోషం వరకు. అసలు సంగతి ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో మొదలైంది. నిద్ర పట్టలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఇరవై ఏళ్లు దాటింది. ఎన్నో ప్రాజెక్టులు చేశాను. రాత్రిళ్లు కూర్చున్నాను, పండగలు మానుకున్నాను, పాపకి జ్వరం వస్తే అమ్మమ్మ దగ్గర వదిలి ఆఫీసుకి పరిగెత్తాను. వాటిలో చాలా వ్యవస్థలు ఇప్పుడు వాడుకలోనే లేవు. కొత్తవి రాగానే పాతవి ఆపేశారు. ఇన్నేళ్ల నా పనిలో వేలు పెట్టి చూపించి 'ఇది నేను చేశాను' అనగలిగింది ఏదైనా మిగిలిందా అని వెతుక్కుంటే ఒక్కటీ కనిపించలేదు. ఎండకీ వానకీ ఓర్చుకుని ముప్పై ఏళ్లుగా చదవడానికి వీలుగా ఉన్నది ఆ రేకు ఒక్కటే. అదీ పదిహేనేళ్ల పిల్లగా, సెలవుల్లో చేసింది. నేను దారి తప్పానా? ఈ మాట నోటితో అనుకోగానే కడుపులో తిప్పినట్టయింది.

నాస్టాల్జియా అనే మాటని 1688లో జోహన్నెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి ఒక జబ్బు పేరుగా పుట్టించాడు. ఇంటికి దూరమైనవాళ్లకి వచ్చే జబ్బు, ఇంటికి పంపిస్తే తగ్గుతుందని నమ్మారు. మనకి 'బెంగ' అనే మాట ఎప్పటినుంచో ఉంది. పిల్ల బెంగ పెట్టుకుంది, పుట్టింటికి పంపండి అంటారు కదా. నాది అలాంటిది కాదు. ఇంటికి వెళ్తేనే పట్టుకుంది. మళ్లీ వెళ్తే తగ్గేదీ కాదు.

'ఆ రోజులే బాగుండేవి' అని ఫోటోలు పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ రోజులు బాబాయ్‌కి ఏమీ బాగుండలేదు. బోర్డుకి అడుగుల లెక్కన మాట్లాడుకుని, అయ్యాక సగం డబ్బులిచ్చి మిగతా సగానికి మూడు నెలలు తిప్పించుకునేవాళ్లు. గోరు సందుల్లో రంగు పోవడానికి కిరసనాయిలుతో కడుక్కుని ఆ చేత్తోనే అన్నం తినేవాడు. 2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆయన రెండు రోజులు రాసే బోర్డు గంటలో, అందులో పావు వంతు డబ్బుకి, ఓనర్ ఫోటోతో సహా వచ్చేస్తుంటే ఎవరు ఆగుతారు? నాలుగైదేళ్లలో దుకాణం ఎత్తేసి ఇళ్లకి సున్నాలు, రంగులు వేసే పనికి వెళ్లాడు. ఒంగోలు వైపు ఎక్కడో కూతురి దగ్గర పోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రోజు ఆఫీసులో మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. ఒక్క నిమిషం బాధపడి మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు చాలా కష్టంగా ఉంది.

2022 ఆగస్టులో ఆంధ్రలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటన వచ్చినప్పుడు, ఆఫీసు క్యాంటీన్‌లో ఆ వార్త చదివి గుండె ఒక్కసారి ఎగిరింది. మళ్లీ బ్రష్‌లు వస్తాయేమో అనుకున్నాను. రాలేదు. రాసేవాళ్లెక్కడున్నారు?

ఇంకో జట్టు ఉంది. 'గతం గతః, ముందుకు చూడండి' అనేవాళ్లు. మా ఆయన మంచివాడే, ఆ జట్టులోవాడు. నేను చెప్పిందంతా విని, "బోర్డులు రాసుకుంటూ ఉంటే ఏమయ్యేది చెప్పు, మీ నాన్న ఆపరేషన్‌కి డబ్బెక్కడిది? ఈ ఇల్లెక్కడిది?" అన్నాడు. లెక్క తప్పు కాదు. నా జీతంతోనే నాన్న ఇంకో తొమ్మిదేళ్లు మా మధ్య ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్లు ఏ రేకుతోనూ తూచను. కానీ లెక్క సరిపోయాక కూడా లోపల ఏదో సరిపోకపోతే, దానికి మళ్లీ లెక్కే చూపిస్తే ఎలా?

అసలు నేను ఆ పని ఎందుకు మానేశాను? ఇన్నేళ్లూ నాకు తెలిసిన కథ ఇది. 1996 వేసవిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. బాబాయ్‌కి చేతినిండా గోడ రాతలు. టి.ఎన్.శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్న రోజులు, ఇంటివాళ్లని అడగకుండా గోడ ముట్టుకోవడానికి పార్టీలవాళ్లు భయపడేవాళ్లు. అందుకే దొరికిన గోడల మీద త్వరగా రాసేయాలి, మనుషులు కావాలి. నన్ను రమ్మన్నాడు. అమ్మ వద్దంది. "ఆడపిల్లవి, నడిరోడ్డు మీద నిచ్చెనెక్కుతావా?" అంది. నేను ఏడ్చాను, పోట్లాడాను, రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత ఇంటర్ రెండో ఏడాది, ఎంసెట్, ఇంజనీరింగ్. ఈ కథని పెళ్లయ్యాక మా ఆయనకి చెప్పాను, స్నేహితురాళ్లకి చెప్పాను, మా పాపకి కూడా చెప్పాను.

మొన్న ఆదివారం అమ్మకి రేకు ఫోటో పంపి ఫోన్ చేశాను. ఆమెకిప్పుడు డెబ్భై నాలుగు. ఫోటో పెద్దది చేసి చూసుకుని సంబరపడింది. నెమ్మదిగా అడిగాను, అప్పుడు నన్ను ఎందుకు వద్దన్నావమ్మా అని.

"నేనా? నేనెప్పుడు వద్దన్నానే?"

నిచ్చెన సంగతి గుర్తు చేశాను. కాసేపు ఆలోచించి, "అని ఉంటానేమోలే, ఆ రోజులు అట్టాంటివి. అయినా నువ్వేమీ గొడవ చేసినట్టు గుర్తు లేదే. ఆ ఎండల్లో నీకు అమ్మవారు పోసింది కదా, పడుకునే ఉన్నావు" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కదల్లేకపోయాను. ఆమె చెప్పింది నిజం. ఆ ఏప్రిల్‌లో నాకు అమ్మవారు పోసింది. వేపాకుల మీద పడుకున్నాను. అన్నం తినకపోవడం అందుకే. పోట్లాట ఎక్కడిది? వద్దన్నప్పుడు నేను ఒక్క మాట ఎదురు చెప్పినట్టు, ఎంత తవ్వుకున్నా, ఒక్క దృశ్యమూ దొరకడం లేదు. ఏడుపు దొరకడం లేదు. అవన్నీ తర్వాత ఏ చెడ్డ రోజునో, ఏ అప్రైజల్ సరిగ్గా రాని ఏడాదో, నాకు నేను కలుపుకున్నవి. చెప్పినప్పుడల్లా ఇంకొంచెం గట్టిపడి, చివరికి నిజమైపోయాయి.

కానీ ఆ తలకట్టు అలా కలుపుకున్నది కాదు. అది జారి ఉందని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు, వెళ్లి చూస్తే అలాగే ఉంది. దారం వదిలినప్పటి చప్పుడు, కర్ర మీద మణికట్టు ఆనించినప్పటి నొప్పి, రోడ్డుకి అవతల నిలబడి నా అక్షరాన్ని నేనే కొత్తగా చదువుకోవడం, ఇవేవీ నేను కల్పించినవి కావు. నా సంతోషానికి గుర్తున్నదంతా సరిగ్గా ఉంది. నా సందేహం మాత్రం తనకి కావాల్సిన కథ అల్లుకుంది. బస్సులో 'దారి తప్పానా' అని నన్ను నిలదీసింది ఆ అల్లిన కథే. దానికి జవాబు చెప్పాల్సిన పని నాకు లేదని ఇప్పుడు అనుకుంటున్నాను. నా ముందు రెండు దారులుంటే నేను తప్పుదాన్ని ఎంచుకోలేదు. ఉన్న ఒక్క దారిలో, జ్వరం తగ్గాక, లేచి నడిచాను. ఆ రోజుల్లో తెనాలిలో బోర్డులు రాసే ఆడమనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు. నన్ను రమ్మన్న బాబాయ్ కూడా బహుశా ఆ ఒక్క వేసవి కోసమే రమ్మని ఉంటాడు.

అయినా ఒక్క ప్రశ్న మాత్రం పోవడం లేదు. చేత్తో ఒక పని చేసి, ఆరేదాకా ఆగి, దూరం వెళ్లి నిలబడి చూసుకోవడం నా జీవితంలో మళ్లీ ఎప్పుడు జరిగింది? ఉద్యోగం మానేయడానికి ఈ ప్రశ్న చాలదు, నిజమే. కానీ దీన్ని పాత రోజుల పిచ్చి అని కొట్టేస్తే మాత్రం ఒప్పుకోను.

కూకట్‌పల్లిలో పెయింట్ల షాపుకి వెళ్లి చిన్న ఎనామిల్ డబ్బా, టర్పెంటైన్, రెండు ఫ్లాట్ బ్రష్‌లు తెచ్చుకున్నాను. నిన్న బాల్కనీలో పాత రేకు డబ్బా మూత మీద సున్నలు రాశాను. పదకొండు రాస్తే తొమ్మిది కోడిగుడ్లలా వచ్చాయి. వేలు వణుకుతోంది. మా పాప వాసనకి ముక్కు మూసుకుని వచ్చి, కాసేపు చూసి, "ఇది ఆరాక ఏం చేస్తావు?" అంది. దూరం నుంచి చూస్తానని చెప్పాను. బాల్కనీలో అంత దూరం లేదు. తలుపు తీసి, హాల్లోంచి వంటింటి దాకా వెనక్కి నడిచి చూశాం ఇద్దరం.

ఈ ఉదయం మావయ్యకి ఫోన్ చేశాను, ఆ రేకు నాకిచ్చేయమని. ఎంత కావాలంటే అంత డబ్బిచ్చి కొత్త రేకు వేయిస్తానన్నాను. "ఇస్తాలేవే, ఎక్కడికి పోతుంది. ఈ వానలు వెళ్లనీ, ఇప్పుడు తీస్తే మోటారు తడుస్తుంది" అన్నాడు.

సరే మావయ్యా అన్నాను.