గోడ పక్కన నాలుగు గుడ్లు

"ఆడ అడుగు వెయ్యకుండ్రి సారూ, గుడ్లున్నయ్." జడ్చర్ల దగ్గరి పారిశ్రామికవాడలో, గోడ కట్టి వదిలేసిన ఖాళీ ప్లాటు పక్కన గొర్రెల కాపరి ఈ మాట అనకపోతే, మొన్నటి ఆదివారం పొద్దున పిట్టల్ని చూడబోయిన పాతికమందిలో ఎవరో ఒకరి బూటు కింద నాలుగు తీతువు గుడ్లు నలిగిపోయేవే. గూడంటూ ఏమీ లేదు. కంకరలో చిన్న గుంట, అంతే. మట్టిరంగు మీద నల్లమచ్చలున్న ఆ గుడ్లు, వేలు పెట్టి చూపించినా పిల్లలకు కాసేపటి దాకా కనబడలేదు. తల్లిపిట్ట మాత్రం నెత్తిమీదే తిరుగుతూ ఒకటే లొల్లి.

జిల్లాలోని కొందరు ప్రకృతి ప్రేమికులు ఏర్పాటు చేసుకున్న నడక అది. టీచర్లు, డిగ్రీ పిల్లలు, రాత్రి షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చిన ఇద్దరు కంపెనీ ఉద్యోగులు. చేతిలో జెండా లేదు, నోట నినాదం లేదు. ఒక నోటుబుక్కు, రెండు బైనాక్యులర్లు. అయినా వెక్కిరింపు తప్పలేదు. పిట్టల్ని చూస్తే పొట్ట నిండుతుందా అని అడిగినవాళ్లున్నారు. వలసకు పేరుపడ్డ పాలమూరులో ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. కంపెనీలు వద్దనేవాళ్లు ఆ నడకలోనూ లేరు. మందుల కంపెనీల గోడల మధ్య చూడటానికి ఏముంటుందన్న రెండో ప్రశ్నకు మాత్రం నోటుబుక్కే జవాబు చెప్పింది. కరెంటు తీగ మీద పాలపిట్ట, దసరా నాడు దాని దర్శనం కోసం ఊరంతా పొలాలమీద పడి వెతికే మన రాష్ట్ర పక్షి, ఎవరూ వెతకని రోజున తీరిగ్గా కూర్చుని ఉంది. మోదుగు పూలలో గోరింకల గోల. గోడ వెనక తుప్పల్లోంచి నెమలి కూత.

అన్నిటికన్నా ఎక్కువ లెక్క తేలింది కాలువ కింది మడుగులో. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అని పుస్తకాల్లో ఉండే, పొడవాటి గులాబి కాళ్ల పిట్టలు గుంపుగా మేస్తున్నాయి. చూసి మురిసిపోయినవాళ్లకు బృందంలోని జువాలజీ లెక్చరర్ చెప్పిన మాట మాకు బాగా పట్టింది. మురికినీటిలో ఎర్ర పురుగులు పెరుగుతాయి. వాటిని తినే ఈ పిట్టలు అలాంటి నీటినీ తట్టుకుని బతుకుతాయి. కాబట్టి పిట్టలు కనబడ్డాయి గనక నీళ్లు బాగున్నట్టే అనుకోవడానికి లేదు. ఏ పిట్ట ఉంది అన్నది ఎంత ముఖ్యమో, ఉండాల్సిన ఏ పిట్ట లేదు అన్నదీ అంతే ముఖ్యం. ఆ మడుగులో లకుముకి పిట్ట లేదు. అది బతికేది చేపల మీద.

ఆ నీటిలో ఏముందో తేల్చాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, మేము కాదు. కానీ కంటికి తేటగా కనబడే నీటిలో ఏం దాగి ఉండొచ్చో మన రాష్ట్రానికి కొత్త పాఠమేం కాదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ మందు ఉన్నట్టు 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి చేశాక ఉన్న సంగతి ఇది!

ఇక కాగితాల సంగతి. పెద్ద పరిశ్రమ పెట్టాలంటే కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక తయారు కావాలి. మామూలుగా చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఏ చెట్లున్నాయో, ఏ జీవాలున్నాయో అందులో రాస్తారు. నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోని పక్షి. అది ఉందని రాస్తే దాని సంరక్షణకు ప్రణాళిక కూడా ఇవ్వాలి. రాయకపోతే పని తప్పుతుంది. పైగా ఈ వివరాల సేకరణ సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజనులోనే ముగుస్తుంది. తొలకరికి మాత్రమే బయటపడే ఆరుద్ర పురుగుకు ఆ కాగితంలో చోటెక్కడిది? పారిశ్రామిక పార్కు మొత్తానికి ఒకసారి పర్యావరణ అనుమతి వచ్చిందంటే లోపల కొత్తగా వచ్చే యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదు. అంటే పక్క ఊరి మనిషి నోరు విప్పే సందర్భం ఒక్కసారితో సరి. మేమూ తక్కువ తినలేదు. కంపెనీ వస్తోందంటే ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని మొదటి పేజీలో వేస్తాం. ఆ నివేదికలోని జీవాల పట్టిక తెరిచి చూసిన రోజు మా ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

అందుకే ఆ నోటుబుక్కు ఎవరి బ్యాగులోనో ఉండిపోకూడదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామ పంచాయతీకి ఒక కమిటీ, ఊళ్లోని చెట్లూ జీవాల వివరాలు రాసిపెట్టే ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. రిజిస్టర్లు పూర్తిచేయడానికి 2020 జనవరి 31 గడువని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా చెబితే దేశమంతా హడావుడిగా రాసేశారు. రాసినది ఎక్కడుందో మన ఊళ్లో సర్పంచిని అడిగి చూడండి. నడకకు వెళ్లినవాళ్లు తేదీ, చోటు, లెక్క వేసి రాసుకున్న జాబితాను పంచాయతీ తీర్మానంతో ఆ రిజిస్టరులోకి ఎక్కించాలి. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి మళ్లీ నడవాలి. ఆ రెండుసార్లూ మండలి ఇంజినీరును, కంపెనీల పర్యావరణ విభాగాల వాళ్లను పిలవాలి. గొర్రెల కాపరిని తప్పకుండా పిలవాలి, కూలి ఇచ్చి మరీ. గుడ్లు కనిపెట్టింది అతనే కదా.

తీతువు గుడ్లు పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఆ ప్లాటును చదును చేసే పని ఎప్పుడు మొదలవుతుందో చెప్పండి, వీలైతే నెల ఆపండి అని బృందం సంబంధిత ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చి వచ్చింది. ఈ సంపాదకీయం అచ్చుకు వెళ్లేటప్పటికి జవాబు రాలేదు.